మీరు గిటార్ అనుకుని విన్నది

(రాక్, మెటల్ బ్యాండ్లలో బేస్ వాయించేవాళ్ళ గురించి ఒక బేసిస్టు చేసిన ప్రసంగం, పాఠ రూపంలో)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ఏమనుకోకండి, బేస్ వాయించేవాడికి ఈ ప్రశ్న అడగడం బాగా అలవాటు.

(నవ్వులు)

ముందు పేరు సంగతి చూద్దాం. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి కొందరు "బాస్ గిటార్" అంటారు. ఆ అక్షరాల్ని అలా పలికితే అదొక చేప పేరు. వాయిద్యం పేరు "బేస్", గిటార్‌లాగే ఉండి కింది స్థాయి స్వరాలు పలికే వాయిద్యం. తెలుగులో రాసేసరికి ఇంకో తిరకాసు ఉంది. పునాది అనే అర్థంలో వాడే బేస్, ఈ బేస్, రెండూ ఒకేలా ఉంటాయి. దాంతో మనవాళ్ళలో చాలామందికి ఇది పునాది గిటార్ అన్న అభిప్రాయం స్థిరపడిపోయింది. నన్ను పొగడాలనుకున్న ప్రతివాళ్ళూ "బ్యాండుకి మీరే కదండీ పునాది" అంటారు. నాకా పొగడ్త నచ్చదు. పునాది ఒకసారి వేశాక అక్కడే పడి ఉంటుంది, మళ్ళీ ఎవరూ దాని మొహం చూడరు. బేస్ అలా పడి ఉండేది కాదు. పాట నడుస్తున్నంతసేపూ అది ఏదో ఒకటి తేలుస్తూనే ఉంటుంది: ఈ స్వరం ఎంతసేపు నిలవాలి, ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి. చిక్కల్లా ఒకటే. అది తేల్చినదంతా మీ చెవికి చేరేసరికి దాని మీద గిటారిస్టు పేరుంటుంది.

ఇవాళ నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. బేస్ వినపడదు అంటారు అందరూ. ఎందుకు వినపడదు, శుభ్రంగా వినపడుతుంది. మీరు దాన్ని గిటార్ ఖాతాలో జమ చేస్తున్నారు, అంతే.

ఈ సంగతి నాకెలా తెలిసొచ్చిందో చెప్తాను. కొన్నేళ్ళ క్రితం ఒక షోలో వాయిస్తున్నాం. అప్పట్లో నా దగ్గర యాక్టివ్ బేస్ ఉండేది. అంటే లోపల చిన్న సర్క్యూట్, దానికో 9 వోల్టుల బ్యాటరీ. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ముందురోజు రాత్రి ప్రాక్టీసయ్యాక కేబుల్ పీకడం మర్చిపోయాను. తప్పు నాదే. షోలో మూడో పాటకి సౌండ్ గరగరలాడింది, సన్నబడింది, ఆ తర్వాత మొత్తానికే పోయింది. మార్చడానికి ఇంకో బ్యాటరీ లేదు. ఏం చేశానంటారా? వాయిస్తున్నట్టు నటించాను. రెండు పాటలు. మొహం చిట్లించి, తల ఊపుతూ, చెమటలు కక్కుతూ, చప్పుడు లేకుండా.

(నవ్వులు)

"బేస్ ఏదీ?" అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. కానీ స్టేజి మీద నుంచి నాకొకటి కనిపించింది. ముందు వరసల్లో తలలూపుతున్నవాళ్ళు మెల్లగా ఊపడం మానేశారు. ఒకాయన ఫోన్ తీసి మెసేజీలు చూసుకుంటున్నాడు. షో అయ్యాక ఇంకొకాయన వచ్చి మా గిటారిస్టుని అడిగాడు: "మధ్యలో మీ గిటార్ సౌండ్ పలచబడిందేంటి? పెడల్ ఏమన్నా మార్చారా?" మావాడు పెడల్ (గిటార్ సౌండ్ మార్చడానికి కాలితో తొక్కే చిన్న పెట్టె) జోలికే పోలేదు. ఆ రాత్రి నాకు కోపం వచ్చిందో సంతోషం వేసిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన చెవిలో తప్పేం లేదు. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగని ఉత్తినే మీటితే సెకనుకి 82 సార్లు కంపిస్తుంది. బేస్‌లో లావు తీగ 41 సార్లు. సరిగ్గా సగం, అంటే అదే స్వరం ఒక స్థాయి కింద. రెండూ కచ్చితంగా ఒకే క్షణంలో మోగితే చెవి వాటిని రెండు వాయిద్యాలుగా విడదీయదు. పైనున్న గిటారే బరువెక్కింది అనుకుంటుంది. మెటల్ రిఫ్‌లో, అంటే పాటలో పదే పదే తిరిగొచ్చే ఆ వరసలో, జరిగేది ఇదే. పైగా రికార్డింగ్ మిక్స్ చేసేవాళ్ళు, అంటే విడివిడిగా రికార్డయిన వాయిద్యాల్ని కలిపేవాళ్ళు, డిస్టార్షన్ గిటార్ల (కావాలని శబ్దం గరుకు చేసిన గిటార్ల) అడుగు భాగాన్ని చాలాసార్లు కోసేస్తారు, 80, 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి అన్ని కంపనాల దగ్గర. అక్కడ గిటార్ పనికొచ్చే శబ్దం కన్నా బురద ఎక్కువ చేస్తుంది. అలా ఖాళీ చేసిన చోట బేస్, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) సర్దుకుని కూర్చుంటాయి. "ఏం గిటారండీ, గుండెల్లో గుద్దినట్టుంది" అని మీరంటారు చూడండి, ఆ గుద్దే భాగాన్ని గిటార్‌లోంచి ముందే తీసేసి ఉంటారు.

తలలూపడం ఎందుకు ఆగిందో కూడా నాకు తర్వాత అర్థమైంది. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. పై స్థాయి స్వరం ఒకటి, కింది స్థాయి స్వరం ఒకటి, రెండూ కలిపి తాళం తప్పకుండా వినిపిస్తూ, అప్పుడప్పుడూ ఏదో ఒకదాన్ని కొంచెం ముందుగా మోగించారు. సెకనులో ఇరవయ్యో వంతు, అంతే తేడా. కింది స్వరం తొందరపడ్డప్పుడు మెదడు ఎక్కువగా ఉలిక్కిపడింది. వేళ్ళతో తాళం వేయమంటే జనం కింది స్వరాన్నే అనుసరించారు. మళ్ళీ అక్కడివాళ్ళే 2022లో ఇంకోటి ప్రచురించారు. ఒక లైవ్ షో జరుగుతుండగా మనిషి చెవికి సరిగ్గా తెలియనంత కింది స్థాయి శబ్దాన్ని కాసేపు ఆన్ చేస్తూ కాసేపు ఆపుతూ పోయారు. ఆన్‌లో ఉన్నప్పుడు జనం 11.8 శాతం ఎక్కువ కదిలారు. అది ఎలక్ట్రానిక్ సంగీతం షో, రాక్ కాదు, ఆ శబ్దాలు నా బేస్ తీగలకన్నా కింద ఉండేవి. కాబట్టి ఆ ఘనత నాదే అని చెప్పుకోను. కానీ వింటున్నామని తెలియకుండానే ఒళ్ళు కదులుతుందన్న ముక్క మాత్రం నేను జేబులో వేసుకున్నాను.

"శ్రుతిర్మాతా లయః పితా" అని విన్నాం కదా చిన్నప్పుడు. రాక్ బ్యాండులో లయ డ్రమ్మర్‌ది, శ్రుతి పాడేవాళ్ళదీ గిటార్‌దీ. ఈ తల్లిదండ్రులిద్దరూ ఒకరి మాట ఒకరికి చేరాలంటే బేస్ ద్వారా చేరాల్సిందే. నా కుడిచెయ్యి కిక్ డ్రమ్‌తో మాట్లాడుతుంది, ఎడమచెయ్యి గిటార్‌తో. లయ సంగతి ఇప్పుడే చెప్పాను. శ్రుతి వైపు చూపిస్తాను. మా గిటారిస్టు ఇక్కడే ఉన్నాడు. బాబూ, సి మేజర్ కార్డ్ పట్టుకో. నేను చెప్పేదాకా వేళ్ళు కదపకు.

(గిటార్ కార్డ్ మోగింది)

సి, ఇ, జి. ఒకేసారి మోగే మూడు స్వరాలు, కార్డ్ అంటే అదే. నేను కింద సి వాయిస్తాను. వినండి. ఇంటికొచ్చి కూర్చున్నట్టుంది. ఇప్పుడు నేను "ఏ" అనే స్వరం వాయిస్తాను. అవే మూడు స్వరాలు, కానీ మబ్బు పట్టినట్టు లేదూ? పుస్తకంలో దాని పేరు ఏ మైనర్ సెవెన్త్. ఇప్పుడు ఎఫ్. ఇది ఎటూ దిగకుండా గాల్లో ఆగింది. ఇప్పుడు ఇ. ఏదో చెప్పబోయి ఆగినట్టుంది, తర్వాతి మాట కోసం చూస్తున్నారు మీరు.

మా వాడి చేతులు చూశారుగా. కదిలాయా? లేదు. నాలుగుసార్లు పాట మొహం మారింది. మాట అన్నది వాడే, దానికి అర్థం మార్చింది నేను. రేపు రికార్డింగ్ విన్నవాళ్ళు ఏమంటారో తెలుసా? "గిటార్ కార్డ్స్ ఎంత బాగా వేశాడో."

(చప్పట్లు)

ఇంత పని ఉన్న చోటికి ఎవరూ ఇష్టపడి రారు, అదీ విచిత్రం. బీటిల్స్‌లో బేస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ 1961లో బ్యాండు వదిలేశాక ఆ పని పాల్ మెకార్ట్‌నీకి అంటగట్టారు. అప్పటిదాకా ఆయన గిటార్, పియానో. జిమీ హెండ్రిక్స్ 1966లో బ్యాండు కడుతున్నప్పుడు నోయెల్ రెడ్డింగ్ గిటారిస్టుగా చూపించుకోవడానికి వచ్చి బేస్ మెళ్ళో వేసుకుని వెళ్ళాడు. బ్లాక్ సబ్బాత్ గీజర్ బట్లర్ మొదట్లో రిథమ్ గిటార్. మోటర్‌హెడ్ లెమ్మీ కూడా గిటారిస్టే, హాక్‌విండ్‌లో చేరాకే బేస్ ఎత్తాడు. అల్లుడు కాబోయి వంటవాడైనట్టు వచ్చినవాళ్ళు వీళ్ళంతా. కాకపోతే వచ్చాక ఆ వంటిల్లే మార్చేశారు.

లెమ్మీనే చూడండి. రికెన్‌బ్యాకర్ బేస్‌ని మార్షల్ ఆంప్‌లో (శబ్దం పెంచే పెట్టెలో) పెట్టి, పిక్‌తో, అంటే తీగ మీటే చిన్న బిళ్ళతో, కార్డులు కొట్టేవాడు. బేస్ ఇలా వాయించాలని ఎవరైనా నేర్పి ఉంటే ఆ శబ్దం పుట్టేది కాదు. మోటర్‌హెడ్ పాట విన్నప్పుడు అందులో గిటార్ ఎక్కడ ఆగిందో బేస్ ఎక్కడ మొదలైందో చెప్పడం నాక్కూడా కష్టం.

గీజర్ బట్లర్ దగ్గర కాస్త ఆగాలి. హెవీ మెటల్ పుట్టుక కథ చెప్పేటప్పుడు అందరూ సబ్బాత్ గిటారిస్టు టోనీ ఐయోమీ వేళ్ళ గురించి చెప్తారు. ఫ్యాక్టరీ ప్రమాదంలో ఆయన రెండు వేళ్ళ కొసలు తెగిపోవడం, నొప్పి తగ్గించుకోవడానికి తీగలు వదులు చేసి శ్రుతి కిందికి దించడం. నిజమే, గొప్ప కథ. కానీ గిటార్ శ్రుతి దిగితే బేస్ కూడా దిగాలి. దిగి, అప్పటికే మందంగా ఉన్న తీగ ఇంకా వదులై గలగలలాడుతుంటే దాంట్లోంచి స్వరం పలికించాలి. బట్లర్ అది చేశాడు. అంతేకాదు, ఐయోమీ తీగని పక్కకి లాగి స్వరం వంచితే ఈయనా బేస్ తీగని లాగి వంచేవాడు. బేస్ తీగని వంచడం ఎంత కష్టమో కావాలంటే ఇక్కడికొచ్చి ప్రయత్నించండి, రేపటికి వేలు వాస్తుంది. ఆ రెండు వంపులూ కలిస్తే వచ్చే చప్పుడుకే తర్వాత జనం "హెవీ" అని పేరు పెట్టారు. ఇంకో ముక్క. ఓజీ ఆస్‌బోర్న్ గొంతులో మీరు విన్న ఆ చీకటి మాటలు ఓజీవి కావు. ఆ రోజుల్లో సబ్బాత్ పాటల్లో ఎక్కువ భాగం మాటలు రాసింది బట్లరే. రిఫ్‌కి బరువిచ్చిందీ ఆయనే, పాటకి మాటిచ్చిందీ ఆయనే. పోస్టర్ మీద మాత్రం మిగతా ఇద్దరి మొహాలు పెద్దగా ఉంటాయి.

ఐరన్ మెయిడెన్ సంగతి ఇంకా తమాషా. 1975లో ఆ బ్యాండుని పెట్టింది బేసిస్టు స్టీవ్ హ్యారిస్. పాటల్లో సింహభాగం ఆయనవే. గుర్రం దౌడు తీసినట్టు "తాఁ-తక, తాఁ-తక" అని సాగే ఆ నడక పిక్ లేకుండా ఉత్త వేళ్ళతో వాయిస్తాడు. అయినా కొత్తగా విన్నవాణ్ణి అడగండి, "ఆ గిటార్లు భలే పరిగెడతాయండీ" అంటాడు.

ఇప్పుడు నా వాదనకి అసలైన సాక్ష్యం. మెటాలికా. క్లిఫ్ బర్టన్ అనే కుర్రాణ్ణి తమ బ్యాండులో చేరమని అడిగితే, మీరు లాస్ ఏంజిలిస్ వదిలి శాన్ ఫ్రాన్సిస్కో వైపు వస్తేనే చేరతానన్నాడు. బ్యాండు మకాం ఎత్తేసి వెళ్ళింది. బేసిస్టు కోసం బ్యాండు ఊరు మారడం, ఊహించుకోండి! 1983లో వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో ఒక ట్రాక్ మొత్తం బేస్ సోలోయే. మొదట్లో ఒక గొంతు "బేస్ సోలో, టేక్ వన్" అని చెప్తుంది కూడా. ఆ మాట అక్కడ ఉండి సరిపోయింది గానీ లేకపోతే సగం మంది అదీ గిటారే అనుకుందురు, అంత డిస్టార్షన్, వావా పెడల్. 1984 ఆల్బమ్‌లో గంట మోతతో మొదలయ్యే పాట ఉంది కదా, "ఫర్ హూమ్ ద బెల్ టోల్స్". దాని మొదట్లో పైన కేకలేసినట్టు మోగేది బేస్. నేనే దాన్ని ఏళ్ళ తరబడి గిటార్ అనుకున్నాను. బేస్ వాయించే నేనే!

1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తా పడి బర్టన్ చనిపోయాడు. 24 ఏళ్ళు. ఆయన స్థానంలో జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. 1988లో "అండ్ జస్టిస్ ఫర్ ఆల్" వచ్చింది. అందులో బేస్ దాదాపు లేదు. వాయించలేదని కాదు, వాయించాడు, రికార్డయింది, మిక్స్‌లో అడుగుకి తొక్కేశారు. మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో, బేస్ తగ్గించమన్నది డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిక్ అని చెప్పాడు. న్యూస్టెడ్ గిటార్ రిఫ్‌ని అచ్చంగా అనుసరించి వాయించడం కూడా ఒక కారణమే. ఉన్నా పోల్చుకోలేనట్టు ఉంటుంది. ఏదైతేనేం, ప్రపంచంలో పెద్ద బ్యాండొకటి బేస్ తీసేసి ఆల్బమ్ వేస్తే ఎలా ఉంటుందో మనకి ఉచితంగా తెలిసింది.

ఎలా ఉంటుంది? ఎండిపోయినట్టుంటుంది. గిటార్లు పదును పదునుగా, పొడిపొడిగా. గొప్ప పాటలు, బాగా అమ్ముడుపోయాయి, నాకూ ఇష్టమే. కానీ అదే బ్యాండు 1991లో బాబ్ రాక్ నిర్మాణంలో చేసిన ఆల్బమ్ దాని పక్కన పెట్టి వినండి. గిటారిస్టులు వాళ్ళే. గిటార్ మాత్రం రెండింతలు లావైనట్టుంటుంది. దాని కింద ఉన్న బేస్‌ని ఈసారి బయటికి రానిచ్చారు. 1988 ఆల్బమ్‌కి బేస్ పెంచి అభిమానులు సొంతంగా మిక్స్‌లు చేసుకుని ఇంటర్నెట్లో పెట్టుకున్నారు. లేనప్పుడు వెతుక్కుంటారు, ఉన్నప్పుడు పట్టించుకోరు. మా బతుకింతే.

(నవ్వులు)

వెతుక్కోవడం అంటే గుర్తొచ్చింది. ఫుట్‌బాల్ స్టేడియాల్లో వేలమంది "ఓ, ఓ-ఓ-ఓ-ఓ, ఓ, ఓ" అని పాడతారే, వైట్ స్ట్రైప్స్ 2003 పాట. "చూశారా, బేస్ రిఫ్‌కి ఎంత బలముందో" అని నేనొకసారి ఒకరితో గొప్పగా చెప్పాను. ఆయన మెల్లగా అన్నాడు, ఆ బ్యాండులో బేసిస్టు లేడని. నిజమే, ఇద్దరే మనుషులు. అది గిటార్, పెడల్‌తో ఒక స్థాయి కిందికి దించారు. జీవితంలో ఒక్కసారి గిటార్‌ని బేస్ అనుకున్నాను, అప్పుడూ పరువు పోయింది.

మా వాళ్ళందరూ మహానుభావులని కూడా అనను. మొదటి స్వరం పట్టుకుని పాట మొత్తం కునుకు తీసేవాళ్ళు ఉన్నారు. దానికి విరుగుడు అనుకుని ప్రతి సందులో పది స్వరాలు కుక్కేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు ఇంకా ప్రమాదం. బేస్ సోలోలు నాకు చాలావరకు విసుగు. క్లిఫ్ బర్టన్‌లాంటి వాళ్ళవి మినహాయిస్తే, సోలో మొదలవగానే జనం మంచినీళ్ళకి లేస్తారు, వాళ్ళని నేను తప్పుపట్టను.

నన్నడిగితే అన్నిటికన్నా కష్టమైన పని ఏసీ/డీసీలో క్లిఫ్ విలియమ్స్ చేసింది. ఒకే స్వరం, కొలతకి ఎనిమిది దెబ్బలు, వరసగా, ఒక్కటి కూడా తూలకుండా. 1979 నాటి "హైవే టు హెల్" మొదటి చరణం వినండి. గిటార్, డ్రమ్స్, గొంతు. బేస్ లేదు. స్టేజి మీద వేలమంది ముందు మెళ్ళో బేస్ వేసుకుని చేతులు కట్టుకున్నట్టు నిలబడాలి. వాయించకుండా! కోరస్‌కి ముందు వస్తాడు, ఒకే స్వరం మీద టకటకా దెబ్బలు కొట్టుకుంటూ. అంతే, పాట నేలమీంచి లేచినట్టవుతుంది. విన్నవాళ్ళు కోరస్ అదిరిందంటారు. కోరస్ అదరడానికి చరణం అంతా ఒక మనిషి చేతులు కట్టుకుని ఎదురుచూశాడు.

ఆ ఓపిక నాకు ఇంకా రాలేదు. నేర్చుకుంటున్నాను.

వాయిద్యం గురించి రెండు మాటలు, చాలామంది అడిగారు కాబట్టి. నా మెళ్ళో ఉన్నది లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ పద్ధతిలో చేసింది. అంతకుముందు మనిషంత ఎత్తుండే నిలువు బేస్ మోసుకు తిరిగేవాళ్ళు, డ్రమ్స్ మధ్యలో అది వినపడక చచ్చేవాళ్ళు. ఫెండర్ దాన్ని పడుకోబెట్టి, గిటార్‌లాగా మెట్లు వేసి, కరెంటు పెట్టాడు. మెట్లుంటే స్వరం కచ్చితంగా పలుకుతుంది, అందుకే ప్రెసిషన్ అన్న పేరు. కింది స్థాయి శబ్దాల్ని మన చెవి సరిగ్గా పట్టుకోదు కాబట్టి ఆంప్‌కి ఎక్కువ శక్తి కావాలి. గిటారిస్టు 50, 100 వాట్లతో గోడలు బద్దలుకొడతాడు. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బేస్ ఆంప్ 300 వాట్లు. దాన్ని మోసి నడుం పట్టేసినవాళ్ళు ఈ హాల్లో ఇద్దరున్నారు, ఒకణ్ణి నేను. ఇంకో వింత: 41 హెర్ట్జ్ శబ్దపు అల ఒక్కోటి ఎనిమిది మీటర్ల పైన పొడవుంటుంది. అంత పెద్ద అలని మామూలు గోడలు, తలుపులు ఆపలేవు. అందుకే షో జరుగుతుంటే హాలు బయట రోడ్డు మీద నిలబడ్డవాడికి వినిపించేది బేస్, కిక్ డ్రమ్ మాత్రమే. టికెట్ కొన్నవాళ్ళకి నేను తెలియను, కొననివాళ్ళకి నేనొక్కణ్ణే తెలుసు.

(నవ్వులు, చప్పట్లు)

సరే, మాటలు చాలు. మా గిటారిస్టు, డ్రమ్మర్ సిద్ధంగా ఉన్నారు. ఒక రిఫ్ నాలుగైదు నిమిషాలు వాయిస్తాం. మధ్యలో ఎక్కడో నేను తప్పుకుంటాను. కేబుల్ లాగితే టప్ మని చప్పుడొచ్చి మీకు తెలిసిపోతుంది, అందుకని ఈ నాబ్ తిప్పి వాల్యూమ్ మెల్లగా సున్నాకి తెస్తాను. నా మొహం చూసి కనిపెడదామనుకోకండి, ఉత్తుత్తినే వాయించడంలో నాకు అనుభవం ఉందని ఇందాకే చెప్పాను. కావాలంటే కళ్ళు మూసుకోండి. బేస్ పోయింది అనిపించినవాళ్ళు చెయ్యెత్తండి. గిటార్ పలచబడింది అనిపించినవాళ్ళు కూడా ఎత్తండి, దాన్నీ లెక్కలోకి తీసుకుంటాను.

దీనికి బ్యాటరీ లేదు, భయం లేదు. బాబూ, మొదలుపెడదాం. వన్, టూ, త్రీ...

(వాయిద్యం మొదలైంది)